నా వైపు దూది

ఇరవై ఏళ్లుగా ఒకే ఒక ప్రశ్న అడుగుతున్నాను. కాలనీ సంఘానికి రాసి ఇచ్చాను; అందినట్టు సంతకం కూడా పెట్టలేదు. ఒక వారపత్రికకు ఉత్తరం రాశాను; వేయలేదు. ఇంట్లో ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదు. అడిగిన ప్రతిసారీ కూర మాడుతున్నదనో, కుక్కర్ కూత వేసిందనో నా భార్య లేచి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న ఇది: నా పరుపు మీద కుక్కను పడుకోబెట్టింది ఎవరు?

ఇంత చిన్న విషయమా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. తహసీల్ ఆఫీసులో ఉద్యోగమంతా అర్జీలు తీసుకుంటూ గడిపినవాణ్ని. చిన్న అర్జీ అంటూ ఏదీ ఉండదు. జవాబు వచ్చినవి, రానివి, అంతే. నాది రానిది.

ఈ ప్రశ్నను నా నెత్తిన పెట్టిన మనిషి చనిపోయాడని పోయిన నెలలో తెలిసింది. అప్పటికే ఆయన పోయి మూడు నెలలైంది. అదీ నాకెవరూ చెప్పలేదు. మండిబజార్‌కు వెళ్లి నేనే తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన పేరు నాకు తెలియదు. హన్మకొండలో మా కాలనీ మొత్తానికి ఆయన పరుపుల చాచా. రోహిణి కార్తె ఎండలు ముదరగానే సైకిల్ మీద వచ్చేవాడు. క్యారియర్‌కు దూదేకే విల్లు, హ్యాండిల్‌కు చుట్టిన గోనె పట్టా. కూరగాయల వాళ్లలా అరిచేవాడు కాదు. సైకిల్ ఆపి విల్లు నారిని ఒక్కసారి మీటేవాడు. టంయ్ మనేది. రెండోసారి మీటేవాడు కాదు. వినిపించినవాళ్లు వస్తారు, వినిపించనివాళ్లకు వచ్చే ఏడు.

పని మొదలైన కాసేపటికే కనుబొమ్మలు దూదితో తెల్లబడేవి. నేను మొదట చూసినప్పుడు ఆయనకు నలభై దాటి ఉండవు, అయినా ముసలివాడే అనుకున్నాను. నిజంగా ముసలివాడయ్యాక తేడా తెలియలేదు. పనిలో ఉండగా చాయ్ తాగేవాడు కాదు. ఇస్తే గ్లాసు మీద సాసర్ బోర్లించి గోడవారన పెట్టేవాడు. పని అయ్యేసరికి అది చల్లారి మీగడ కట్టేది. మళ్లీ వేడి చేసి ఇస్తానని నా భార్య అంటే ఒప్పుకునేవాడు కాదు.

“సల్లగైతే ఏందమ్మా, చాయే గదా.”

కుట్టు విప్పే ముందు పరుపును రెండు అరచేతులతో నొక్కి చూసేవాడు, డాక్టరు కడుపు నొక్కినట్టు. చూసి చెప్పేవాడు: “ఈ దిక్కు పండేటోళ్లకు ఎడమ భుజం గుంజుతాంటది.” నిజమే, గుంజేది. కానీ ఎవరి పరుపు సంగతి వాళ్లకే చెప్పేవాడు. ఎదురింటి లెక్కల టీచరమ్మ పరుపులో ఏం చూశావని ఒకసారి అడిగాను. “దూది చూసిన సార్” అన్నాడు. ఇంకా గుచ్చి అడిగితే మూతికి కట్టుకున్న గుడ్డను ముక్కు మీదికి లాక్కునేవాడు. ఇక ఆయనతో మాట ముగిసినట్టే.

కాలనీలో ఇన్ని ఇళ్ల గుట్లు కడుపులో పెట్టుకున్న మనిషి, నా సంగతి మాత్రం అందరి ముందూ బయటపెట్టాడు. అందుకే మరవలేదు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. పెంచుకునే జంతువులను మంచం ఎక్కించకూడదు. బజారంతా తిరిగిన కాళ్లు, గోమార్లు, ఊడే వెంట్రుకలు, అన్నీ మనం తల పెట్టుకునే చోటికే వస్తాయి. కుక్కకు వరండా ఉంది, గోనెసంచి ఉంది. మంచం మనుషులది. ఈ మాట కాలనీ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. టీచరమ్మ తెల్లటి పొమెరేనియన్ ఆమె దిండు మీదే పడుకుంటుందని అందరికీ తెలుసు కాబట్టి, అందరూ ఆమె వైపు చూశారు. ఆమె లేవకుండానే అన్నది:

“మా మంచం, మా కుక్క. మీ నిద్ర ఎందుకు ఖరాబ్ చేసుకుంటాండ్రు అన్నా?”

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లెవరో ఒక్కొక్కరినీ ఇప్పటికీ చెప్పగలను.

మా ఇంట్లోనూ కుక్క ఉండేది, మోతి. ఎర్రటి పొట్టి బొచ్చు వీధికుక్క. కూనగా ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే నా భార్య ఎత్తుకొచ్చింది. నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే షరతు పెట్టాను: పడకగది గడప దాటకూడదు. దాటలేదు కూడా. నేనలా నమ్మాను.

ఆ మీటింగ్ అయిన కొన్నాళ్లకు, వానకాలంలో, నాకు టైఫాయిడ్ వచ్చింది. వారం దవాఖానలో, తర్వాత ఇరవై రోజులు ఇంట్లో మంచం మీద. ఆ ఇరవై రోజుల్లో నాకు గుర్తున్నవి తక్కువ. తిరిగే ఫ్యాను. బార్లీ నీళ్లు. కాళ్ల మీద గొంగడి. అంత వెచ్చటి గొంగడి నా జీవితంలో ఎన్నడూ కప్పుకోలేదు. బరువుగా ఉండేది, కానీ ఆ బరువే హాయిగా ఉండేది. ఒళ్లు వణికినప్పుడు కాళ్లు దాని కిందికి జరుపుకునేవాణ్ని. జ్వరం దిగిన రోజే దాన్ని తీసేశారు. గొంగడి ఏదంటే, “ఉతకనీకి ఏసిన” అన్నది నా భార్య. మళ్లీ కనిపించలేదు. కోలుకుంటున్న మనిషి దగ్గర గొంగడి లాక్కోవడమేమిటని చాలాకాలం సాధించాను. నా ఫిర్యాదుల్లో అదొకటి.

జ్వరం దిగాక మోతికి బుద్ధి చెడింది. పగలు పదిసార్లు పడకగది దగ్గరికి వచ్చేది. ముందరి కాళ్లు గడప మీద పెట్టి నా మొహం చూస్తూ తోక ఊపేది. మొదట అదిలించాను. వినలేదు. తలుపు వెనక ఉన్న గొడుగు తీసి కొట్టాను. వెళ్లేది, కాసేపటికి మళ్లీ వచ్చి అక్కడే కాళ్లు పెట్టేది. మళ్లీ కొట్టేవాణ్ని. ఇట్లా నెలరోజులు. తర్వాత రావడం మానేసింది. క్రమశిక్షణ వచ్చిందని సంతోషించాను.

ఆ మరుసటి ఎండాకాలం చాచా వచ్చాడు. ముందురోజు టీచరమ్మ పరుపు ఏకాడు, ఆ రోజు మాది. వాకిట్లో పరుపు పరిచి, నొక్కి చూసి, నా వైపు అంచున కుట్టు ఒకచోట విడిపోయి ఉంటే అక్కడ వేళ్లు పెట్టాడు. దిండ్లు చంకన పెట్టుకొని ఇరుగుపొరుగు వాళ్లు నలుగురైదుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. టీచరమ్మ తన గేటు మీద చేతులానించి చూస్తోంది.

“సార్, కుక్క పండుకున్నదా దీని మీద?”

“ఎవరి పరుపనుకుంటున్నవ్? టీచరమ్మది నిన్న చేసినవ్. ఇది నాది.”

“మీదే సార్. గీ కుట్టు ఇడిసింది సూడుండ్రి. గీ దిక్కు...”

“గా దిక్కు లేదు, గీ దిక్కు లేదు. మా ఇంట్ల కుక్క మంచమెక్కది.”

ఆయన వాదించలేదు. చిటికెడు దూది తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, అందులోంచి ఒక వెంట్రుక లాగి ఎండకు పెట్టాడు.

“మనిషి ఎంటికె గాదిది.”

గేటు దగ్గర నుంచి టీచరమ్మ గొంతు: “అన్నా, మంచం మనుషులదంటిరి. మోతిని మనుషులల్ల ఎప్పుడు కలిపిండ్రు? మాకు చెప్పకపోతిరి!”

దిండ్లు పట్టుకున్నవాళ్లు నవ్వారు. నేను తొణకలేదు. దీనికి కారణం గోనె పట్టా అన్నాను. నిన్న టీచరమ్మ దూది ఏకిన పట్టా దులపకుండా తెచ్చావు, దాని వెంట్రుకే ఇది అన్నాను.

“పట్టా ఇంకా పరువనే లేదు సార్” అన్నాడు చాచా.

చూస్తే నిజమే, చుట్టింది చుట్టినట్టే సైకిల్‌కు ఉంది. మళ్లీ నవ్వులు. పైగా టీచరమ్మ కుక్క తెల్లది, ఆ వెంట్రుక ఎర్రది. ఆ సంగతి నేనెత్తలేదు, అదృష్టం కొద్దీ ఇంకెవరూ ఎత్తలేదు.

“పొరపాటైందని చెప్పు చాచా. అందరి ముందట అన్నవ్, అందరి ముందట్నే చెప్పు.”

“పరుపు అబద్ధమాడది సార్. నేనెట్ల ఆడుదు?”

మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాను. కోపంలో రెండు చెంబులు తాగాను. తిరిగి వచ్చేసరికి నా భార్య ఆయనకు చాయ్ ఇచ్చి వస్తోంది. ఆయన గ్లాసు మీద సాసర్ బోర్లించి, ముక్కు మీదికి గుడ్డ లాక్కున్నాడు. సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు ఇంకో అవమానంగా తోచింది. వెళ్లేటప్పుడు చూస్తే నా వైపు అంచున కుట్టు రెండు వరసలు వేసి ఉంది. నేను వేయమనలేదు.

తర్వాత ప్రతి ఎండాకాలం ఆయన సైకిల్ దిగక ముందే అడిగేవాణ్ని: “చాచా, ఆ మాట ఎనక్కి తీసుకుంటున్నవా?” ఆయన విల్లు దించుకుంటూ “ఈసారి ఎండలు మంచిగున్నయి సార్” అనేవాడు. లేదంటే “దూది జర గట్టి పడ్డది” అనేవాడు. పని బాగా చేసేవాడు, దాంట్లో వంక పెట్టను. ప్రతి ఏడూ నా వైపు మాత్రం రెండు వరసల కుట్టు. ఈలోపు మోతి ముసలిదై చనిపోయింది. చివరి రోజు దాకా గడప దాటలేదు.

ఒకసారి ఆయన ఇంటికే వెళ్లాను. పెద్ద కొడుకు దూదేకే మిషన్ పెట్టాడని, కొంతకాలంగా చాచా బయట తిరగడం తగ్గించాడని విన్నాను. ఇక రాకపోతే నా విషయం తేలదు. అందుకని ఒక కాగితం తయారు చేసుకొని వెళ్లాను. ‘ఫలానా రోజు నేను అన్న మాట పొరపాటున అన్నది’ అని నాలుగు పంక్తులు, కింద వేలిముద్రకు చోటు.

మండిబజార్ వెనక సందులో ఒక్క గది. చాచా నేల మీద చాప వేసుకొని పడుకొని ఉన్నాడు. గది మూలన మంచి పరుపు, కొత్త గుడ్డతో కుట్టింది. దాని మీద ఒక మచ్చల పిల్లి, దాని పొట్టకు అతుక్కొని నాలుగు పిల్లలు.

“ఇదేంది చాచా! ఊరందరికీ పరుపులు కుట్టేటోనివి, నువ్వు సాప మీద, పిల్లి పరుపు మీదనా?”

“ఈనింది సార్. ఈనినదాన్ని దించుతమా?”

“ఈనకముందు?”

“ఈనకముందు కడుపుతోని ఉండె.”

“అంతకుముందు?”

“అంతకుముందు నన్నడగలే సార్. అదే అచ్చి పండుకున్నది.”

పిల్లి గురించి ఇంకా చెప్పవలసింది ఉన్నా, వచ్చిన పని అది కాదు. కాగితం తీసి చదివి వినిపించాను. ఆయన చాప మీద లేచి కూర్చొని శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

“సార్, దీని మీద ఏలుముద్ర ఏస్తే మీకు మంచిగ నిద్రపడ్తదా?”

“పడ్తది.”

“పడది సార్. మీరడగాల్సింది నన్ను గాదు.”

కాగితాన్ని పద్ధతిగా నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పటికీ నా ఫైలులో ఉంది. ఎవరిని అడగాలో చెప్పమంటే గుడ్డ కోసం తడుముకున్నాడు. ఇంట్లో కాబట్టి మెడలో గుడ్డ లేదు. చెయ్యితోనే మూతి మూసుకున్నాడు.

ఈ ఏడు నా భార్య ఫోం పరుపు కొందామంది. నేను ఒప్పుకోలేదు. పాత పరుపును ఆటోలో వేసుకొని మండిబజార్ వెళ్లాను. దుకాణంలో మిషన్ రొద. కొడుకు బయటికి వచ్చాడు. చాచా ఏడని అడిగితే, “బాపు పోయి మూడు నెలలాయె సార్” అన్నాడు. నాకు చెప్పవద్దా అన్నాను. పరుపు కుట్టు మీద వేలు పెట్టి, ఆ రెండు వరసలు చూసి, నా మొహం చూశాడు.

“మీరు హన్మకొండ కుక్క సారా?”

ఈ పేరు సంగతి తర్వాత తేల్చుకుందామని ఊరుకున్నాను.

“బాపు మీ ముచ్చట మస్తు సార్లు చెప్పెటోడు సార్. కుక్క ఎంటికెలు మీ దిక్కే ఉండెనట. అమ్మ దిక్కు ఒక్కటి గూడ లేకుండెనట. ఆ దినం మీరు లోపటికి పోయినంక అమ్మ చాయ్ తెచ్చి, ఎవ్వలకు ఇనపడకుంట ‘ఆయనే జరంల దాన్ని పైకి పిలిచిండు చాచా. ఆయనకు యాదిలేదు. ఇగ ఆ మాట తియ్యకు, నీకు దండం పెడ్త’ అన్నదట. బాపు మాటిచ్చిండు.”

“మరి మీకెట్ల చెప్పిండు?”

“అమ్మ అన్న మాట ఆఖరికి పానం బాగలేనప్పుడే చెప్పిండు సార్. ‘సారు మంచోడే బిడ్డా. ఆయన సంగతి ఆయన దిక్కు దూదికి ఎరుకే, ఆయనకే ఎరుక లేదు. నేను పోయినంక అస్తే చెప్పు’ అన్నడు.”

పరుపును మిషన్‌లో వేయనివ్వలేదు. ఆ కుట్టు విప్పించకుండానే అదే ఆటోలో తిరిగి వచ్చాను.

నా భార్య కత్తిపీట ముందు కూర్చొని చిక్కుడుకాయలు తరుగుతోంది. విన్నదంతా చెప్పాను. ఆమె తలెత్తలేదు.

“మీరే పిలిచిండ్రు. దవాఖాన నుంచి తెచ్చిన నాడు అది గడప కాడ కూసోని ఒకటే ఏడుపు. ‘రా మోతీ, పైకి రా’ అన్నరు. నేను దించబోతే నా మీదికే లేచిండ్రు, ‘ఉండనీయ్, సలి పెడ్తాంది’ అని. ఇరవై దినాలు మీ కాళ్ల మీదికెల్లి దిగలే. పాలు గూడ మంచం మీదనే తాగింది.”

“మరి గొంగడి?”

“మనింట్ల గొంగడి ఎప్పుడుండె?”

బీరువా తీసి చూశాను. అటక మీద చూశాను. తర్వాత ఆలోచిస్తే, ఆమె చెప్పింది నిజమే. మా ఇంట్లో గొంగడి ఎన్నడూ లేదు.

“నాకెందుకు చెప్పలే?” అని అడిగాను. కుక్కర్ కూత వేసింది. ఆమె లేచి వెళ్లిపోయింది.

కాబట్టి ఈ విషయంలో నేను చెప్పేది ఇది. చాచా మీద నేను చేసిన ఫిర్యాదును ఈ రాతతో వెనక్కి తీసుకుంటున్నాను. నేను అడిగినవాళ్లందరిలో జవాబు చెప్పబోయింది ఆయనొక్కడే. మొదటి రోజే ‘గీ దిక్కు’ అన్నాడు. ఆ మాట పూర్తి కానివ్వనిది నేనే. మిగిలిన ఏళ్లన్నీ ఇంకొకరికిచ్చిన మాట కోసం నా చేత మాటలు పడ్డాడు. ఆయనకు క్షమాపణ చెప్పాలంటే ఇప్పుడు చెప్పే చోటు లేదు. గోనె పట్టాను ఎక్కడికక్కడ దులుపుకోవాలన్న నా మాట మాత్రం అట్లాగే ఉంది.

కుక్కలను మంచం ఎక్కించకూడదన్న అభిప్రాయం కూడా మార్చుకోలేదు. టీచరమ్మ చదివితే తెలుసుకోవాలి. కానీ యజమాని నోటితో పిలిచి ఎక్కించుకున్న కుక్క విషయం వేరు. ఇరవై రోజులు నన్ను వెచ్చగా ఉంచిన ప్రాణి తన చోటికి తాను వచ్చింది. గడప మీద కాళ్లు పెట్టి, మళ్లీ ఎప్పుడు పిలుస్తానా అని నా మొహం చూసింది. నేను గొడుగు తీశాను. ఒకరోజు కాదు, నెలరోజులు.

ఇది నా భార్యను ఉద్దేశించి రాస్తున్నాను. వంటింట్లో అడిగితే కుక్కర్ అడ్డం వస్తోంది కాబట్టి అచ్చులో అడుగుతున్నాను. నా మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది, దాన్ని మూసేస్తున్నాను. ఇది రెండోది. నేను గొడుగు ఎత్తిన ప్రతిసారీ నువ్వు ఇంట్లోనే ఉన్నావు. పిలిచింది మీరేనని ఒక్క మాట చాలు, నా చెయ్యి ఆగేది. ఆ మాట వాకిట్లో చాచాకు చెప్పావు, నాకు చెప్పలేదు. తెలిస్తే నేను తట్టుకోలేనని దాచావేమో. నన్ను కాపాడమని నేను అర్జీ పెట్టలేదు. మోతి లేదు, చాచా లేడు. ఆ గదిలో జరిగింది తెలిసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు. నా చెయ్యి ఎందుకు పట్టుకోలేదు? కూర మాడితే మాడనీ. స్టవ్ ఆపి, నా ఎదురుగా కూర్చొని జవాబు చెప్పు.